గాలి తగ్గిన టైరు – పట్టు విడువని చక్రము

ఎద్దుబండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట మన పల్లెలలో పెద్దవారు చూచియే యుందురు. కమ్మరి ఆ పట్టాను చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా చేయును. పిడకల మంటలో దానిని ఎఱ్ఱగా కాల్చును. కాలి సాగిన పట్టాను నలుగురు మనుష్యులు పట్టుకార్లతో ఎత్తి చెక్క చక్రము చుట్టును దిగవేసి, వెనువెంటనే నీళ్లు కుమ్మరింతురు. చల్లారిన ఇనుము ముడుచుకొని చెక్కను బిగియబట్టును. ఆ పట్టు ఏండ్ల తరబడి నిలుచును. పట్టా బయటనుండి లోపలికి బిగించుటయే అందలి కిటుకు.

మోటారు వాహనపు రబ్బరు టైరు సంగతి దీనికి సరిగా తలక్రిందులు. అచ్చట పట్టు లోపలినుండి బయటికి. టైరు రెండు అంచులలోను ఉక్కు తీగల కట్ట ఒకటి రబ్బరులో పొదిగియుండును. ఆ అంచును పనివారు బీడు అందురు. ఈ బీడు రిమ్ము మీది గద్దెపై కూర్చుండగా, లోపలి గాలి దానిని ప్రక్కకు నెట్టి రిమ్ము పెదవికి అదిమిపెట్టును. గద్దె లోపలి అంచున చిన్న మిట్ట యొకటి ఉండి బీడు వెనుకకు జారకుండ కొంత అడ్డగించును. అంతే. మేకు లేదు, బోల్టు లేదు. గాలియే మేకు, గాలియే బోల్టు. గాలి యున్నంతవరకే ఆ పట్టు.

అట్లయిన, ఉన్న గాలిని చేతులార తీసివేయువారెవరు? ఎడారిలో ఇసుకపై, ధ్రువప్రాంతములలో మంచుపై, కొండలలో బండలపై బండి నడుపువారు. వారు తీయుట తెలియక కాదు. తీయనిచో బండి కదలదు.

దీని కారణము చిన్న లెక్కతో తెలియును. టైరులోని గాలి ఒత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు. ఈ ప్రసంగములో పౌనులని నేను చెప్పినచో ఆ కొలతయే యని గ్రహింపుడు. బరువుతో కూడిన వాహనము 2,400 కిలోగ్రాములు తూగుననుకొందము. ఒక్కొక్క చక్రముపై 600 కిలోలు, అనగా ఇంచుమించు 1,320 పౌనులు పడును. టైరులో 36 పౌనుల ఒత్తిడి యున్నప్పుడు ఆ బరువును మోయుటకు నేలను తాకు భాగము సుమారు 37 చదరపు అంగుళములు చాలును. ఒత్తిడిని 12 పౌనులకు దించినచో ఆ తాకిడి 110 అంగుళములగును. 6 పౌనులకు దించినచో 220. టైరు గోడల బిరుసుదనము కొంత బరువును తానే మోయును గనుక నిజమునకు విస్తీర్ణము ఇంతకు కొంత తక్కువ యుండును. కాని వరుస మాత్రము ఇదియే. టైరు వెడల్పుగా సాగుటకన్న పొడవుగా పఱచుకొనుట ఎక్కువ. బురదలో నడుచువాడు పలకమీద కాలు మోపినట్లు, బండి ఇసుకలో కూరుకొనిపోక దాని మీదుగా సాగిపోవును.

ఈ రహస్యమును ఎడారిలో ఓపికతో సాధించినవారిలో రాల్ఫ్ బాగ్నాల్డ్ అను ఆంగ్ల సైనికాధికారి ముఖ్యుడు. 1920ల చివరను, 1930ల ఆరంభమునను ఆయన, ఆయన మిత్రులు కైరో నగరము నుండి ఫోర్డు కార్లలో బయలుదేరి, ఒంటెలు సైతము వెనుదీసెడి లిబియా ఎడారిలోని మహా ఇసుక సముద్రమును దాటిరి. టైర్లలో గాలి తగ్గించుట, కూరుకొన్న చక్రముల క్రింద ఉక్కు రేకులు పఱచుట, మరిగిన నీటి ఆవిరిని మరల రేడియేటరునకు చేర్చుట వారు పాటించిన ఉపాయములు. 1940లో ఆయన యేర్పాటు చేసిన దూర ఎడారి దళము ఈ అనుభవమునే యుద్ధమున వినియోగించెను. ఇసుక స్వభావమునుగూర్చి ఆయన వ్రాసిన శాస్త్రగ్రంథము 1941లో వెలువడినది. నేటికిని ఆ విషయమున అది ప్రమాణముగా నున్నది.

అయితే గాలి తగ్గించుటకు ఒక హద్దున్నది. బండి మలుపు తిరుగునప్పుడు దాని బరువంతయు వెలుపలి ప్రక్కకు ఒరుగును. నేల టైరును లోనికి నెట్టును, రిమ్ము బయటికి పోజూచును. గాలి చాలినంత లేనిచో బయటి బీడు గద్దెనుండి జారి రిమ్ము నడుమనున్న పల్లములోనికి పడును. ఒక్క నిట్టూర్పుతో ఉన్న గాలియంతయు పోవును. రిమ్ము ఇసుకను కోయును. ఏటవాలు గట్టుపై ఇది జరిగినచో బండి పల్టీ కొట్టవచ్చును. మనుష్యసంచారము లేని చోట జరిగినచో, నలువది డిగ్రీల ఎండలో జాకీ దిగబడుచుండగా చక్రము విప్పవలసి వచ్చును. వెంట నీరు ఎంత యున్నదను ప్రశ్న అప్పుడు ప్రాణములతో ముడిపడిన ప్రశ్న యగును.

సామాన్యముగా మంచి టైరు, సరియైన రిమ్ము ఉన్నచో 15 పౌనుల వరకు భయము లేదు. 12కు దిగినప్పుడు మెల్లగా, చక్రమును విసరక నడుపవలెను. 10కి దిగువను బీడు జాఱుట నేడో రేపో జరుగునదే. ఆ హద్దు దాటవలసినవారి కొరకే బీడ్‌లాక్ చక్రములు, అనగా టైరు అంచును యంత్రబలముతో పట్టియుంచు చక్రములు, పుట్టినవి.

ఇవి నిన్నమొన్నటివి కావు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యపు జీపులకు రెండు ముక్కలుగా విడివడు రిమ్ములు అమర్చిరి. ఆ ముక్కలను బోల్టులతో కలుపుదురు. లోపల ఒక ఉక్కు కట్టు రెండు బీడులను ఎడముగా నెట్టి పట్టును. గుండు తగిలి గాలి పోయినను టైరు ఊడక జీపు కొంత దూరము పరుగెత్తి ప్రాణము కాపాడవలెనని వారి ఉద్దేశము. తరువాతి కాలపు హమ్వీ అను సైనికవాహనము చక్రములు కూడ ఆ వంశమువే.

నేడు దొరకు వానిని నాలుగు తెగలుగా చెప్పవచ్చును.

మొదటిది బయటి కట్టు తెగ. దీనిలో టైరు బయటి బీడు రిమ్ము లోపలికి పోక, రిమ్ము ముఖముపైననే కూర్చుండును. దానిపై లోహపు వలయమొకటి ఉంచి చుట్టును ఇరువదినాలుగో, ముప్పదిరెండో బోల్టులతో బిగింతురు. బీడు రెండు లోహముల నడుమ పట్టుకారులో చిక్కినట్లుండును. లోపలి బీడు మాత్రము మామూలుగా గాలి బలముతోనే నిలుచును. సాధారణముగా ఊడునది బయటిదే గనుక చాలమందికి ఇది చాలును. బండలు రాచుకొన్నప్పుడు దెబ్బ వలయమునకు తగులును. అది చెడినచో దానిని మాత్రమే మార్చుకొనవచ్చును.

రెండవది సైనికుల తెగ. రెండు ముక్కల రిమ్ము, నడుమ గట్టి రబ్బరు దిమ్మె. ఇది రెండు బీడులను పట్టును. గాలి లేకున్నను కొంత దూరము నడచును. బరువు మిక్కిలి ఎక్కువ. టైరు వెడల్పునకు సరిపోవు దిమ్మె దొరకుట ముఖ్యము.

మూడవది గాలి తెగ. టైరు లోపల, రిమ్ము పల్లములో, గట్టి తొడుగుగల సన్నని ట్యూబు ఒకటి చుట్టి, దానిలో సుమారు 50 పౌనుల గాలి నింపుదురు. అది రెండు బీడులను ప్రక్కలకు నొక్కి పట్టును. బయటి టైరులో ఎంత తక్కువ గాలి యున్నను బీడులు కదలవు. ఉన్న రిమ్మునే వాడుకొనవచ్చును గాని, రెండవ వాల్వు కొరకు రిమ్మునకు మఱియొక రంధ్రము వేయవలెను. ఆ రంధ్రము తెలిసినవాని చేతనే వేయింపవలెను.

నాలుగవది సిద్ధపు తెగ. 2021లో తిరిగి వెలువడిన ఫోర్డు బ్రాంకో వంటి వాహనములకు ఇట్టివి ఫ్యాక్టరీనుండియే వచ్చుచున్నవి. రోడ్డు మీద ఇది మామూలు చక్రము, వలయము అలంకారమాత్రము. కావలెనన్నవారు నిజమైన బిగింపు వలయమును వేరుగా కొని అమర్చుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. బజారులో అయిదవ తెగ యొకటి కలదు. అది వేషము. చుట్టును బోల్టుల వరుస మెఱయుచుండును గాని ఆ బోల్టులు దేనిని బిగింపవు. దానిని నమ్మి 6 పౌనులకు గాలి దించినవాడు కాగితపు పడవలో గోదావరి దాటబోయినవాడే. కొనునప్పుడు అడుగవలసిన మాట ఒక్కటే: బీడు ఏ రెండు లోహముల నడుమ చిక్కుచున్నది? చూపింపలేనివాని వద్ద కొనవలదు.

ఇక ఎంపిక. ఏ చక్రము అని అడుగుటకు ముందు, ఏ నేల, ఎంత ఒత్తిడి అని అడుగవలెను.

ఇసుకపై విహారమునకు పోవువానికి 15 మొదలు 12 పౌనులు చాలును. ఆతనికి బీడ్‌లాక్ అక్కఱలేదు. ఒక మంచి ఒత్తిడి కొలత, గాలి నింపు చిన్న యంత్రము, ఒక పార, నిదానమైన చేయి – ఇవి ఉన్నచో చాలును. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి వంటి బండలపై ప్రాకువారు 10కి అటునిటు దిగుదురు. అచ్చట రాతి మొనలు టైరును ప్రక్కకు లాగును గనుక బయటి కట్టు తెగ పనికివచ్చును. ఐస్‌లాండులో వాట్నాయోకుల్ వంటి హిమానీనదములపై తిరుగువారి సంగతి వేరు. వారు 38 మొదలు 44 అంగుళముల ఎత్తుగల టైర్లు వేసి, మెత్తని మంచుపై 2, 3 పౌనుల వరకు దించుదురు. అంత తక్కువలో గాలిని నమ్ముట కల్ల. కొందఱు బీడ్‌లాక్ వాడుదురు. కొందఱు బీడును రిమ్మునకు జిగురుతో అంటింతురు. అచ్చట మార్పుచేసిన టయోటా హైలక్స్ వాహనములపైననే 2007లో బి.బి.సి. వారి టాప్ గేర్ బృందము, 1996లో గుర్తించిన ఉత్తర అయస్కాంత ధ్రువస్థానమునకు చేరెను. పందెపు బండ్లవారి కారణము ఇంకొకటి. 1967 నుండి మెక్సికోలో జరుగుచున్న బాహా ఎడారి పందెము వంటివానిలో వారు గాలిని అంతగా తగ్గింపరు. కాని వేగములో టైరు పగిలినను అది రిమ్మును విడిచి పోరాదని బీడ్‌లాక్ కోరుదురు.

నేల తేలిన పిమ్మట కొలతలు చూడవలెను. 35 అంగుళముల టైరును 17 అంగుళముల రిమ్ముపై ఎక్కించినచో టైరు గోడ ఎత్తు 9 అంగుళములు. అదే టైరు 20 అంగుళముల రిమ్ముపై ఏడున్నర మాత్రమే. గాలి తగ్గించినప్పుడు మడత పడవలసినది ఆ గోడయే. కనుక చూపులకు పెద్ద రిమ్ము అందమైనను, పనికి చిన్న రిమ్మే మేలు. బ్రేకు సామగ్రికి తగులకుండ ఉన్నచో చాలును. చక్రము మోయగల బరువు దానిపై ముద్రించియుండును. సామానుతోను, నీటితోను, మనుష్యులతోను నిండిన బండి బరువును తూయించి, దానితో సరిచూడవలెను. ఉక్కు చక్రము బరువైనది గాని వంగినచో సుత్తితో సరిచేసి ఇల్లు చేరవచ్చును. అల్యూమినియము తేలికయైనది గాని గట్టి దెబ్బకు బీటువారవచ్చును. దూరప్రయాణికుడు మొదటిదానిని, పందెగాడు రెండవదానిని మెచ్చుకొనుట ఇందువలననే.

కొనుటతో పని ముగియదు. బీడ్‌లాక్ చక్రము కొన్నవాడు చిన్న ఉద్యోగమొకటి కొనుక్కొన్నట్లే. బయటి కట్టు బిగించునప్పుడు ఒక బోల్టును పూర్తిగా బిగించి ప్రక్కదానికి పోరాదు. ఎదురెదురుగా, నక్షత్రపు ఆకారములో, కొంచెము కొంచెముగా, అనేక చుట్లు తిరిగి బిగింపవలెను. వలయమునకు, రిమ్మునకు నడుమ సందు అన్ని వైపుల సమముగా నుండవలెను. చివరి బిగింపు చక్రపు తయారీదారు చెప్పిన కొలతకు, బిగువు చూపు టార్కు స్పానరుతోనే. గాలియంత్రపు తుపాకితో బిగించినచో అల్యూమినియములోని మరలు తెగిపోవును. రబ్బరు కొంత అణగును గనుక మొదటి ప్రయాణము పిదప మరల బిగింపవలెను. ఆ తరువాత ప్రతి యాత్రకు ముందును చూడవలెను. బీడు మీద ఇసుకరేణువు చిక్కినను గాలి కారును. వలయము బరువువలన చక్రము సరితూకము చేయుట కష్టము; వేగములో స్టీరింగు వణకవచ్చును.

ఒత్తిడి కొలత విషయమై ఒక మాట. నూఱు పౌనుల వరకు చూపు కొలతలో నూటికి రెండు తప్పు సహజము. అనగా రెండు పౌనులు. 36 వద్ద అది లెక్కలోనిది కాదు. 6 వద్ద అది మూడవ వంతు! కనుక తక్కువ ఒత్తిడికి తక్కువ కొలతపరికరమే కొనవలెను. మఱియు, మధ్యాహ్నము 40 డిగ్రీల వేడిలో 6 పౌనులుంచిన టైరు రాత్రి 10 డిగ్రీల చలికి 4 పౌనులకు దిగును. ఎవరును గాలి తీయలేదు, చలి తీసినది. ఉదయము బయలుదేరునప్పుడు మరల కొలవనివాడు నిన్నటి లెక్కతో నేటి ప్రయాణము చేయుచున్నాడు.

గాలి తగ్గించిన టైరుతో వేగముగా పోరాదు. ప్రతి చుట్టునకు గోడ మడిగి విరియుచు లోలోపల వేడెక్కును; ఆ వేడి టైరును చీల్చును. బీడ్‌లాక్ అంచును పట్టునేగాని వేడిని ఆపదు. గట్టి రోడ్డు చేరగానే ఆగి గాలి నింపుటయే మార్గము.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. నా చిన్నతనమున మా ఊరి రహదారి ప్రక్క పంక్చరు దుకాణములో ఒక లారీ చక్రమునకు గాలి నింపుచుండగా చూచితిని. ఆ కాలపు లారీ చక్రములకు ఇనుప రింగు ఒకటి టైరును పట్టియుంచెడిది. రింగు సరిగా కూర్చుండలేదు. తుపాకి మ్రోగినట్లు శబ్దమయినది. రింగు పైకి లేచి రేకుల కప్పును చీల్చుకొని పోయి వెనుక చేలో పడినది. గాలి పట్టుచున్న కుఱ్ఱవాడు మంచినీళ్లకని ఆ క్షణముననే లేచి పోయియుండెను. ఆ దాహమే వానిని బ్రతికించినది. తరువాత ఆ దుకాణదారు ఇనుప పంజరము చేయించి, చక్రమును అందులో ఉంచికాని గాలి నింపెడివాడు కాడు.

బీడ్‌లాక్ చక్రము, రెండు ముక్కల రిమ్ము – ఇవియు ఆ జాతివే. టైరులో గాలి యుండగా వలయపు బోల్టును గాని రిమ్ము బోల్టును గాని ఒక్క చుట్టైనను విప్పరాదు. ముందు వాల్వు లోపలి పుల్లను తీసివేసి, గాలియంతయు పోయెనని నిశ్చయపఱచుకొని, ఆ పిమ్మటనే స్పానరు పట్టవలెను. ఊడిన బీడును మండు ద్రవము పోసి నిప్పంటించి గద్దె ఎక్కించుట కొందఱు వేడుకగా చూపుదురు. అది వేడుక కాదు, అట్లు చేయవలదు.

చట్టమునుగూర్చి కూడ చెప్పవలెను. బిగింపు వలయములు గల చక్రములలో పెక్కింటిని వాని తయారీదారులే రహదారి వాడుకకు కాదని చెప్పి అమ్ముదురు. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను వాహనమును తయారీదారు నిర్ణయించిన తీరునకు భిన్నముగా మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే దృఢపఱచినది. కనుక మన యువకులు బొమ్మలలో చూచిన చక్రములను తమ బండికి తగిలించి హైదరాబాదు వీథులలో తిరుగబోవుటకు ముందు, రవాణాశాఖవారిని అడుగుట మంచిది. బీమా కంపెనీ కూడ ప్రమాదము జరిగిన తరువాతనే ఆ ప్రశ్న వేయును.

తుదకు తేలినదేమి? పదిమందిలో తొమ్మిదిమందికి ఈ చక్రము అవసరము లేదు. వారు 15 పౌనులకు గాలి దించి, నెమ్మదిగా నడిపి, తిరిగి నింపుకొని క్షేమముగా ఇల్లు చేరవచ్చును. ఆ పదియవవానికి మాత్రము ఇది ప్రాణరక్షకము. ఆతడు నేలను బట్టి తెగను, టైరును బట్టి కొలతను, బరువును బట్టి లోహమును ఎంచుకొనవలెను; కొన్న తరువాత ప్రతి బోల్టును తన చేతితో చూచుకొనవలెను. బండికట్టిన రైతు బయలుదేరుటకు ముందు ఇఱుసు చీలను ఒకసారి చేతితో తడిమి చూచును. ఎవరు చెప్పకున్నను అది ఆతని అలవాటు. చక్రము ఎంత క్రొత్తదైనను, ఆ పాత అలవాటు లేనివానికి అది పట్టు ఇయ్యజాలదు.